కాంపౌండరు, అసిస్టెంటు, ఫార్మసిస్టు: చీటీ అందుకున్న చెయ్యి ఎవరిది?

మందుల షాపులో కౌంటరు వెనక ముగ్గురు ఉంటారు. గోడకు వేలాడే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద ఒకరి పేరే ఉంటుంది. చీటీ అందుకునేది మరొకరు, అరలోంచి మందు తీసి కవర్లో వేసేది ఇంకొకరు. ముగ్గురినీ జనం ఒకే రకంగా పిలుస్తారు కానీ చట్టం అలా చూడదు. షాపులో ఫార్మసిస్టు లేడని తనిఖీల వార్త వచ్చినప్పుడల్లా అదే వాదన మొదలవుతుంది: ఇరవై ఏళ్ళుగా మందులిస్తున్న మనిషికి తెలియనిది రెండేళ్ళు చదివినవాడికి ఏం తెలుస్తుంది?

ఈ ప్రశ్న 1868లో లండన్‌లో వచ్చింది, 1948లో ఢిల్లీలో వచ్చింది, 2023లో జమ్మూ కాశ్మీర్ విషయంలో మళ్ళీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చట్టసభలు ఇంచుమించు ఒకే పని చేశాయి. ఆ పనేమిటో అర్థమైతే సహాయకుల చరిత్ర, వారి సంఘాల చరిత్ర రెండూ విడివడతాయి.

పేర్లలోనే సగం చిక్కు

కాంపౌండరు అంటే కలిపేవాడు. డాక్టరు రాసిన దినుసులను తూచి, నూరి, కరిగించి మందుగా తయారుచేసే మనిషి. డిస్పెన్సరు అంటే ఆ మందును మోతాదు కట్టి రోగి చేతికిచ్చేవాడు. చాలా చోట్ల రెండు పనులూ ఒకరే చేసేవారు కాబట్టి మాటలు కలిసిపోయాయి.

అపోథికరీ అనే మాట ఇంకా తికమకపెడుతుంది. లండన్‌లో అపోథికరీలు కిరాణా వర్తకుల సంఘం నుంచి విడిపోయి 1617లో సొంత సంఘం పెట్టుకున్నారు. మందులమ్మే పనితో మొదలై క్రమంగా వైద్యమే వృత్తిగా మార్చుకున్నారు. వాళ్ళు ఖాళీ చేసిన కౌంటరులోకి ‘కెమిస్ట్ అండ్ డ్రగ్గిస్ట్’ వచ్చి నిలబడ్డాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో మాత్రం అపోథికరీ అంటే దుకాణదారు కాదు, ప్రభుత్వ వైద్యశాఖలో కింది మెట్టు ఉద్యోగి. 1835లో మద్రాసులో మెడికల్ స్కూలు పెట్టింది ఆ ఉద్యోగాలకు మనుషులను తయారుచేయడానికే. పాత కాగితాల్లో ఆ మాట కనబడగానే ఫార్మసిస్టు అని చదువుకుంటే తప్పులో పడతాం.

ఇక అసిస్టెంటు. ఇది చదువును చెప్పే మాట కాదు, కొలువును చెప్పే మాట. పరీక్ష పాసై జీతానికి పనిచేసేవాడూ అసిస్టెంటే, నిన్న చేరిన కుర్రాడూ అసిస్టెంటే. తరువాతి వందేళ్ళ గొడవలన్నీ ఈ ఒక్క మాట రెండు అర్థాల మధ్య నలిగినవే.

ఒక సీసా మిక్చర్‌లో ఎంత పని ఉండేది

మందులు మాత్రలుగా, అట్టపెట్టెల్లో కంపెనీ నుంచి వచ్చే రోజుల్లో కూర్చుని చూస్తే అసిస్టెంటు పని అందివ్వడమే అనిపిస్తుంది. ఫ్యాక్టరీ మందులు రాకముందు ఆ పని ఎంత కష్టమో చూడాలంటే ఒక సీసా దగ్గరికి వెళ్ళాలి.

డాక్టరు 6 ఔన్సుల మిక్చర్ రాశాడనుకుందాం, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 170 మిల్లీలీటర్లు. ఒక్కో మోతాదు అర ఔన్సు, మొత్తం 12 మోతాదులు. మోతాదుకు 10 గ్రెయిన్ల సోడా బైకార్బొనేట్ అంటే సీసాకు 120 గ్రెయిన్లు. 60 గ్రెయిన్లు ఒక డ్రామ్, 8 డ్రామ్‌లు ఒక ఔన్సు, కాబట్టి తూచాల్సింది 2 డ్రామ్‌లు. కరిగే పొడులను ముందు ముప్పాతిక వంతు నీళ్ళలో కరిగించి, వడగట్టి, ఆ తరువాత ద్రవ మందులు పోసి, చివర నీళ్ళతో 6 ఔన్సుల గీతకు తేవాలి. నీళ్ళన్నీ మొదటే పోసేస్తే మిగతావి కలిపేసరికి కొలత దాటిపోతుంది, మోతాదు పలచబడుతుంది.

బిస్మత్ వంటి కరగని పొడి ఉంటే ఇంకో చిక్కు. అది అడుక్కి చేరి గట్టిపడుతుంది, ఎంత కుదిపినా లేవదు. అందుకే ట్రగకాంత్ జిగురుతో చేసిన పొడిని ఔన్సుకు 10 గ్రెయిన్ల చొప్పున కలిపేవారు. 6 ఔన్సులకు 60 గ్రెయిన్లు. జిగురు పొడినీ బిస్మత్‌నూ కల్వంలో పొడిగా నూరాకే కొద్దికొద్దిగా నీళ్ళు పోయాలి. తొందరపడి నీళ్ళు ముందు పోస్తే జిగురు ఉండలు కడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. చివరగా కాగితం పట్టీని సీసాలో మందు ఎత్తుకు సరిపడా కత్తిరించి, 12 సమభాగాలుగా మడిచి, అంచుల్లో గంట్లు పెట్టి సీసాకు అంటించేవారు. అక్షరం రానివారు కూడా ఒక గంటు దిగేదాకా తాగితే మోతాదు సరిపోయేది.

తప్పు ఎక్కడ జరిగేదంటే, డ్రామ్ గుర్తు అంకె 3ను పోలి ఉంటుంది. ఔన్సు గుర్తూ అలాగే ఉండి, పైన ఒక వంపు ఎక్కువుంటుంది, అంతే తేడా. దీపం వెలుతురులో ఆ వంపు కనబడకపోయినా, లేనిది ఉన్నట్టు కనబడినా తూకం 8 రెట్లు మారిపోతుంది.

దానికంటే భయంకరమైనది స్ట్రిక్నిన్ (ముష్టి గింజల నుంచి తీసే విషం), బ్రోమైడ్ (నరాలను శాంతపరిచే లవణం) ఒకే సీసాలో పడటం. రెండూ ఆ కాలంలో మామూలు మందులే. సీసా మొత్తంలో 1 గ్రెయిన్, అంటే సుమారు 65 మిల్లీగ్రాముల స్ట్రిక్నిన్ లవణం ఉండి, 16 మోతాదులు ఉంటే ఒక్కోదానిలో 4 మిల్లీగ్రాములు. కలిపినప్పుడు మందు తేటగానే ఉంటుంది, తూకంలో లోపం లేదు. కానీ బ్రోమైడ్ ఎక్కువైనచోట స్ట్రిక్నిన్ కరగని బ్రోమైడుగా మారి, కొన్ని గంటల్లో సన్నని స్ఫటికాలై అడుక్కి దిగుతుంది. రోగి మొదటి 15 మోతాదులూ దాదాపు ఉత్త నీళ్ళే తాగి, ఆఖరి మోతాదులో విషమంతా తాగుతాడు. 30 మిల్లీగ్రాముల నుంచే ఇది ప్రాణం తీయగలదు. తూచడం ఏళ్ళ అలవాటుతో వస్తుంది. ఈ రెండూ కలవకూడదన్న సంగతి మాత్రం ఎవరో చెప్పాలి, లేదా చదవాలి. అనుభవం గొప్పదా, పరీక్ష గొప్పదా అన్న వాదంలో ఈ సీసాను మరిచిపోకూడదు.

అసిస్టెంట్ల కోసం పెట్టిన పరీక్ష యజమానుల పరీక్ష ఎలా అయింది

1841లో లండన్‌లో జేకబ్ బెల్ అనే మందుల దుకాణదారు, మరికొందరు కలిసి ఫార్మస్యూటికల్ సొసైటీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్‌ను స్థాపించారు. మందుల దుకాణదారులను వైద్యుల పెత్తనంలోకి తెచ్చే బిల్లు పార్లమెంటుకు రావడం వారిని కలిపింది. అంటే పుట్టుకతోనే ఇది ప్రధానంగా యజమానుల సంఘం. సొంత షాపున్నవారు సభ్యులు. అసిస్టెంట్లకు అసోసియేట్లుగా చోటు దొరికింది, వారి కింద అప్రెంటిస్‌లు.

సొసైటీ రెండు పరీక్షలు పెట్టింది. మేజర్ పరీక్ష సొంతంగా షాపు నడిపేవారికి, మైనర్ పరీక్ష అసిస్టెంట్లకు. 1852 ఫార్మసీ చట్టం పేర్ల రిజిస్టరు ఒకటి ఏర్పాటు చేసిందే గాని, రిజిస్టరులో లేనివాళ్ళు మందులమ్మకుండా ఆపలేదు. అసలు మార్పు 1868 చట్టంతో వచ్చింది. విషాల పట్టికలోని మందులను అమ్మాలంటే రిజిస్టరైన వ్యక్తి అయి ఉండాలి, రిజిస్టరు కావడానికి మైనర్ పరీక్ష చాలు. నిన్నటిదాకా అసిస్టెంట్ల కోసమే ఉన్న పరీక్ష ఆ రోజు నుంచి దుకాణం తెరవడానికి అర్హతయింది. అసిస్టెంటుకూ యజమానికీ మధ్య చదువు తేడా పోయింది, మిగిలింది పెట్టుబడి తేడా. జీతం, పనిగంటలు, సొసైటీలో ఓటు హక్కు కోసం తరువాత జరిగిన పెనుగులాటకు మూలం ఇదేనని నా అభిప్రాయం.

అప్పటికే కౌంటరు వెనక ఉన్నవారి మాటేమిటి? 1868 చట్టం వారికి పక్క తలుపు తెరిచింది. అప్పటికే వ్యాపారంలో ఉన్న యజమానులు పరీక్ష లేకుండానే రిజిస్టరయ్యారు. 21 ఏళ్ళు నిండి, 3 ఏళ్ళు మందులు కలిపిన అనుభవమున్న అసిస్టెంట్లకు మాత్రం సులభం చేసిన పరీక్ష పెట్టారు. ఒకే అనుభవానికి రెండు కొలతలు! అసిస్టెంట్లకు కోపం రావడంలో వింత లేదు.

అపోథికరీల సొసైటీ కూడా 1815 చట్టం ఆధారంగా విడిగా అసిస్టెంటు పరీక్ష నడిపేది. దాన్ని పాసైనవారు డాక్టరు దగ్గరో ఆసుపత్రిలోనో మందులు కలపవచ్చు గాని, కెమిస్టుగా షాపు పెట్టలేరు. 19వ శతాబ్దం చివరి నుంచి ఎందరో ఆడవాళ్ళు ఈ దారినే డిస్పెన్సర్లయ్యారు. 1911 జాతీయ బీమా చట్టం మందులిచ్చే పనిని కెమిస్టులకు అప్పగించినప్పుడు వీళ్ళ కొలువులు పోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు కూడా చట్టంలో పక్క తలుపు పెట్టారు: డాక్టరు దగ్గర గాని, ప్రజా సంస్థలో గాని అంతకు ముందు 3 ఏళ్ళు డిస్పెన్సరుగా పనిచేసి ఉంటే కొనసాగవచ్చు.

రెండు తీర్పులు, ఒక చెయ్యి

1880లో ఒక విచిత్రమైన తీర్పు వచ్చింది. లండన్ అండ్ ప్రొవిన్షియల్ సప్లై అసోసియేషన్ అనే కంపెనీ మీద ఫార్మస్యూటికల్ సొసైటీ వేసిన కేసులో, 1868 చట్టంలో ‘వ్యక్తి’ అన్న మాటకు కంపెనీ అన్న అర్థం రాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) తేల్చింది. అంటే పరీక్ష పాసుకాని పెట్టుబడిదారులు కంపెనీ పెట్టి మందుల షాపులు తెరవవచ్చు. వరసగా షాపులు తెరిచే పెద్ద కంపెనీలకు దారి పడింది.

1890లో వీల్డన్ కేసు. అర్హత లేని ఒక అసిస్టెంటు, అర్హత ఉన్న యజమాని తరఫున విషమున్న మందు అమ్మాడు. చట్టం దృష్టిలో అమ్మినవాడు ఎవరు? షాపు యజమానిదే కదా, డబ్బు ఆయన పెట్టెలోకే కదా వెళ్ళింది అన్నది వాదన. కోర్టు ఒప్పుకోలేదు. స్వయంగా అమ్మిన మనిషే అమ్మకందారు, అతనికి అర్హత ఉండాలి, లేకుంటే జరిమానా అతనికే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే సంగతి తేలుతుంది. షాపు ఎవరిదైనా కావచ్చు, చెయ్యి మాత్రం అర్హత ఉన్నదై ఉండాలి. పాసైన అసిస్టెంటు విలువ దీంతో పెరిగింది, ఎందుకంటే అతను లేకుండా కంపెనీ షాపు నడవదు. పాసుకాని అసిస్టెంటు మీద భారమూ దీంతోనే పెరిగింది. యజమాని చెప్పాడని మందిచ్చినా శిక్ష తనకే.

సంఘం అంటే ఏ సంఘం?

ఇక్కడ మూడు రకాలను విడదీసి చూడాలి. వృత్తి సంఘం చదువు, పరీక్ష, రిజిస్టరు, నడవడి చూస్తుంది. వ్యాపార సంఘం ధరలు, లాభం, సరఫరా చూస్తుంది. కార్మిక సంఘం జీతం, పనిగంటలు, సెలవు చూస్తుంది. ఒకే మనిషి మూడింట్లోనూ ఉండవచ్చు గాని, వాటి ప్రయోజనాలు ఒకటి కావు.

19వ శతాబ్దపు ఇంగ్లండులో కెమిస్టు అసిస్టెంటు తరచు షాపు మీది గదిలోనే ఉండేవాడు. తిండి, పడక యజమానివే, వాటి విలువ జీతంలో తగ్గిపోయేది. అర్ధరాత్రి గంట మోగితే దిగి వచ్చి మందు కలిపేదీ అతనే. 1886 షాపు గంటల చట్టం 18 ఏళ్ళలోపు వారికి వారానికి 74 గంటల పరిమితి పెట్టింది, భోజన విరామాలు కలుపుకుని. ఆరు రోజులకు పంచితే రోజుకు 12 గంటల 20 నిమిషాలు! పిల్లలకు ఇచ్చిన ఊరట ఇది. పెద్దలకు ఆ పరిమితి కూడా లేదు. పొద్దున నుంచి నిలబడిన మనిషి రాత్రి తొమ్మిదింటికి డ్రామ్ గుర్తును ఔన్సు గుర్తుగా చదివితే అది అతని ఒక్కడి తప్పేనా?

1891లో దుకాణ సహాయకుల జాతీయ యూనియన్ ఏర్పడింది. కెమిస్టు అసిస్టెంట్లకు దీనితో మొదటి నుంచీ ఒక ఇబ్బంది. మేము పరీక్ష పాసైన వృత్తి నిపుణులం, బట్టల షాపు గుమాస్తాలతో ఒకే సంఘంలో చేరడమేమిటి అనేవారు కొందరు. రేపు సొంత షాపు పెడతాం, అప్పుడు మేమే యజమానులం అనుకునేవారు ఇంకొందరు. అందుకే లండన్‌లో కెమిస్టుల అసిస్టెంట్ల సంఘం వంటివి ఉన్నా, అవి చాలావరకు ఉపన్యాసాలు, చదువు, స్నేహం దగ్గరే ఆగాయి.

1911 షాపుల చట్టం వారానికి ఒక రోజు మధ్యాహ్నం ఒకటిన్నర తరువాత అసిస్టెంటుతో పని చేయించకూడదంది. మందులమ్మే షాపు ఆ పూట మూయనక్కర్లేదు, కానీ అసిస్టెంటుకు సెలవు ఇవ్వాల్సిందే. షాపుకు మినహాయింపు, మనిషికి కాదు. ఈ తేడాను యజమానులు తెలిసీ తెలియనట్టు కలిపేసేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, జీతాలు, పనిగంటలు తేల్చే పని ఫార్మస్యూటికల్ సొసైటీయే చేపట్టాలన్న ఆలోచన వచ్చింది. ఆ అధికారం సొసైటీకి లేదని జెన్కిన్ అనే సభ్యుడు కోర్టుకెళ్ళి గెలిచాడు. రాజు ఇచ్చిన సనదు (రాయల్ చార్టర్) మీద నడిచే వృత్తి సంఘం జీతాల బేరం చేయకూడదని తీర్పు. ఆ రోజుల్లోనే యజమానులు రిటైల్ ఫార్మసిస్ట్స్ యూనియన్ అనే వేరే సంఘం పెట్టుకున్నారు. పేరులో యూనియన్ ఉంది కదా అని కార్మికుల సంఘమనుకుంటే పొరపాటు, అది యజమానులది.

మన దగ్గర కథ

ఇక్కడ కాంపౌండరు ఆసుపత్రిలో పుట్టాడు, దుకాణంలో కాదు. ప్రభుత్వ, మిషన్ ఆసుపత్రుల్లో, ఆ తరువాత ప్రైవేటు డాక్టరు పక్క గదిలో. డాక్టరే నేర్పేవాడు, డాక్టరే జీతమిచ్చేవాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో కెమిస్ట్ అండ్ డ్రగ్గిస్ట్ చదువు ఉన్నా, ఊళ్ళల్లో పనిచేసిన కాంపౌండర్లలో ఎక్కువమంది చూసి నేర్చుకున్నవారే. జ్వరమొస్తే జనం డాక్టరు కంటే ముందు కాంపౌండరుగారి గుమ్మమెక్కిన ఊళ్ళు కోకొల్లలు.

1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన ఔషధ విచారణ కమిటీ, మందులు కలిపే వారి శిక్షణ సరిగా లేదని, చట్టం అవసరమని చెప్పింది. ఎం.ఎల్. ష్రాఫ్ 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు మొదలుపెట్టారు. ఆయన చొరవతోనే 1935లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) ఏర్పడ్డ సంఘం తరువాత ఇండియన్ ఫార్మస్యూటికల్ అసోసియేషన్ అయింది. ఇది వృత్తి సంఘం. మందుల వ్యాపారుల అఖిల భారత సంస్థ అయిన ఏఐఓసీడీ 1975లో వచ్చింది, అది వ్యాపార సంఘం. ప్రభుత్వ ఆసుపత్రి కాంపౌండర్లు సర్వీసు సంఘాల్లో ఉన్నారు. ప్రైవేటు షాపులో జీతానికి పనిచేసే సహాయకుడికి మాత్రం గట్టి సంఘమంటూ ఏర్పడటం అరుదు. ఒక్కో షాపులో ఇద్దరు ముగ్గురే ఉంటే, యజమాని ఎదురుగానే రోజంతా నిలబడితే, ఎవరితో కలిసి ఏమని అడుగుతాడు? అతనికి దక్కిన రక్షణ ఎక్కువగా 1947 మద్రాసు దుకాణాల చట్టం వంటి వాటి నుంచి వచ్చింది: రోజుకు 8 గంటలు, వారానికి 48.

1948 చట్టం తెరిచిన తలుపు

1948 ఫార్మసీ చట్టం 31వ సెక్షన్ మొదటి రిజిస్టరుకు 18 ఏళ్ళు నిండినవారిని నాలుగు దారుల్లో రానిచ్చింది. ఊహకు నలుగురిని తీసుకుందాం.

మొదటివాడికి ఫార్మసీ డిగ్రీ గాని, డిప్లొమా గాని, కెమిస్ట్ అండ్ డ్రగ్గిస్ట్ డిప్లొమా గాని ఉంది. నేరుగా లోపలికి. రెండోవాడు వేరే సబ్జెక్టులో డిగ్రీ చదివి, ఆసుపత్రిలో 3 ఏళ్ళు మందులు కలిపాడు. అతనూ లోపలికే. మూడోవాడు రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన కాంపౌండరు పరీక్ష పాసయ్యాడు, అతనికీ చోటుంది. నాలుగోవాడికి ఏ పరీక్షా లేదు, కానీ నిర్ణీత తేదీకి ముందు మొత్తం 5 ఏళ్ళు, చీటీల మీద మందులిచ్చే చోట కలిపే పని చేశాడు. ఇతనూ ఫార్మసిస్టే!

ఐదోవాడు కూడా ఒకడున్నాడు. 5 ఏళ్ళకు కొన్ని నెలలు తక్కువైనవాడు, లేదా 10 ఏళ్ళు షాపులో ఉన్నా కలిపే పని కాక అమ్మే పనే చేసినవాడు, లేదా పని చేసినట్టు కాగితం ఇచ్చే డాక్టరు చనిపోయినవాడు. తలుపు ఇతని ముందు మూసుకుంది. విద్యా నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్తగా చేరేవారికి గుర్తింపు పొందిన పరీక్ష ఒక్కటే దారి. ఇంత అనుభవం ఉండి నన్నెందుకు కాదన్నారని పెద్దలు అడిగితే జవాబు ఆ తేదీలో ఉంది, వారి పనితనంలో కాదు.

రెండు నిబంధనలు, రెండు మాటలు

ఇప్పటి గందరగోళానికి మూలం ఇది. ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు కలపడం గాని ఇవ్వడం గాని రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకొకరు చేయరాదు. 1976 సవరణ నుంచి లెక్కించిన ఆఖరి గడువు ముగిసి, 1984 సెప్టెంబరు 1 నాటికి ఇది అన్ని చోట్లా అమలుకు రావాలి. ఔషధ నిబంధనల్లో 65వది మాత్రం చీటీ మందును ఫార్మసిస్టు ఇవ్వాలి, లేదా అతని స్వయం పర్యవేక్షణలో ఇవ్వాలి అంటుంది.

ఫార్మసిస్టు పక్కనే ఉన్నాడు, చీటీ చూశాడు, సహాయకుడు మందు తీసిచ్చాడు. 65 ప్రకారం సరే. 42ను అక్షరాలా చదివితే? అందివ్వడం వేరు, ‘డిస్పెన్స్’ చేయడం వేరు, చీటీ పరిశీలించి సరైన మందని తేల్చడమే అసలు పని అని ఒక వాదన. వీల్డన్ కేసులోలాగే చెయ్యి ఎవరిదో అతనిదే బాధ్యత అని ఇంకో వాదన. మొదటిది రోజువారీ షాపు నడకకు దగ్గర. రెండోది, ఫార్మసిస్టు పేరు గోడమీద మాత్రమే ఉండే అలవాటును అడ్డుకోవడానికి దగ్గర. ఫార్మసిస్టు షాపులోనే లేని చోట మాత్రం రెండు నిబంధనలూ ఒకటే చెబుతాయి, అక్కడ వాదనకు చోటు లేదు.

డాక్టరు దగ్గరి కాంపౌండరు సంగతి మరొకటి. తన రోగులకు తానే మందిచ్చే డాక్టరుకు 42 మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు డాక్టరుదే, పక్క గదిలోని కాంపౌండరుకు దానంతటది సంక్రమించదు. పర్యవేక్షణ అవసరం లేని కొన్ని మందులకు ఫార్మసిస్టు లేకుండానే పరిమిత లైసెన్సు ఇచ్చే ఏర్పాటు కూడా ఔషధ నిబంధనల్లో ఉంది. చిన్న ఊళ్ళ దుకాణాలను చూసి ‘ఫార్మసిస్టు లేడు కాబట్టి దొంగ షాపు’ అనే ముందు ఆ లైసెన్సు ఏదో చూడాలి.

అనుభవజ్ఞులకు మళ్ళీ తలుపు తెరవాలన్నవారు పల్లెల్లో మనుషుల కొరతను చూపుతారు. తెరవకూడదన్నవారు, ప్రతి పక్క తలుపూ తాత్కాలికమని చెప్పి పెట్టినదేనని, తరచు తెరిస్తే డిప్లొమా చదివేవారికి అర్థముండదని అంటారు. రెండు వైపులా నిజముంది. కానీ మిక్చర్ సీసా పోయినా కలవకూడని మందులు పోలేదు. ఒకే రోగికి ఇద్దరు డాక్టర్లు రాసిన రెండు చీటీల్లో ఇప్పుడవి ఎదురవుతున్నాయి.

2023లో పార్లమెంటు అలాంటి పక్క తలుపే ఇంకొకటి తెరుస్తూ ఫార్మసీ చట్టానికి 32సి సెక్షన్ చేర్చింది. జమ్మూ కాశ్మీర్ సొంత ఫార్మసీ చట్టం (విక్రమ సంవత్సరం 2011, అంటే క్రీ.శ. 1955) కింద రిజిస్టరైన వారిని, ఆ చట్టం చెప్పిన అర్హతలున్న వారిని కేంద్ర చట్టం కింద ఫార్మసిస్టులుగా భావించాలని, అందుకు ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలని గడువు పెట్టింది.